పేరు చెక్కిన పానాలు

నా టిఫిన్ డబ్బాకు మూత సరిగ్గా పట్టదు. ఇది పెద్ద విషయం కాదని నాకూ తెలుసు. దేశంలో ఇంతకంటే పెద్ద బాధలున్నాయి, వాటి మీద రాసేవాళ్ళకూ కొదవ లేదు. కానీ పావగడ నుంచి వల్లూరు వైపు బండి మీద పోతుంటే, రోడ్డు తన వంతు పని తను చేశాక, డబ్బాలోని పప్పుచారు నా సంచిలోని చార్జరుకూ, ఆఫీసు కాగితాలకూ, మార్చుకోవడానికి పెట్టుకున్న చొక్కాకూ పక్షపాతం లేకుండా అందుతుంది. మధ్యాహ్నం నాకు మిగిలేది అన్నం, దాని మీద పప్పుచారు ఒకప్పుడు ఉండిందన్న గుర్తు.

ఇందులో అవమానం ఏమిటంటే, మాది పావగడ బజారులో స్టీలు పాత్రల అంగడి. నాన్న తర్వాత ఇప్పుడు అన్న నడుపుతున్నాడు. అటక మీద కూడా డబ్బాలున్న ఇంట్లో పుట్టి, డబ్బాకు మూత లేదంటే వినేవాళ్ళు నవ్వుతారు. మూతలు లేక కాదు, కావలసినన్ని ఉన్నాయి. ఏదీ దేనిదీ కాదు, అంతే. అమ్మ పక్కింటికి డబ్బాలో శెనక్కాయల పొడి పంపిస్తుంది. డబ్బా వాళ్ళ మూతతో తిరిగొస్తుంది. మా మూత వాళ్ళ డబ్బా ఎక్కి ఇంకో వీధికి పోతుంది. అడిగితే అమ్మ తల కూడా ఎత్తదు.

"యాడికి పోతాదిలే, ఊర్లోనే ఉండాది కదా."

మూతల సంగతి అట్లుంచితే, పాత్రల మీద పేర్ల సంగతి ఒకటుంది. మా ఇంట్లో మేము రోజూ వాడే గిన్నెల మీద మా పేరు ఉండదు. మా వైపు ఎవరింట్లోనూ ఉండదు. పెళ్ళికో, కొత్తింట్లో పాలు పొంగించే రోజుకో పాత్ర తెచ్చేవాళ్ళు, దాని మీద తమ పేరు చెక్కించి మరీ తెస్తారు. ఇచ్చింది ఎవరో ఇల్లు ఉన్నన్నాళ్ళూ గుర్తుండాలి కదా. చిన్నప్పుడు నేను తిన్న పళ్ళెం మీద అమ్మ మేనమామ పేరు ఉండేది. ఆయన పోయాక కూడా చాలా ఏళ్ళు, సంగటి అయిపోవచ్చేసరికి అడుగు నుంచి ఆయన పేరు తేలేది. కాబట్టి మాకు లెక్క చాలా సులువు. వస్తువు మీద ఎవరి పేరుందో ఆ వస్తువు వాళ్ళది కాదు, వాళ్ళు ఇచ్చేసినది. మా అన్న చెక్కే మిషను చేతిలోకి తీసుకొని అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఇచ్చేదెవురు?"

నేను అంగడిలో కూర్చోలేదు. బీకాం చదివాను కాబట్టి కూర్చోవడం కుదరదని ఇంట్లో నేనే తీర్మానించాను. సోలార్ పార్కులో కొన్ని వరుసల ప్యానెళ్ళ మరమ్మతు చూసే ఒక కంపెనీలో చేరాను. నా హోదా పేరు 'అసెట్ కోఆర్డినేటర్'. వినడానికి బాగుంటుంది, పెళ్ళిచూపుల్లో ఇంకా బాగుంటుంది. చేసే పని మాత్రం, ఏ పానా ఎవరి చేతిలో ఉందో కనుక్కోవడం. పానా నా చేతిలో ఎప్పుడూ ఉండదు. అందుకోసమే చదువుకున్నది.

మా స్టోరు ఒక ఇనుప కంటైనర్, ఓడల మీద సామాను వచ్చే రకం. మా తాలూకాలో సముద్రం చూసిన వస్తువు బహుశా అదొక్కటే. వానలే సరిగ్గా చూడని నేల మీద దాన్ని తెచ్చి నిలబెట్టారు. లోపల ఒక చెక్క బల్ల, ఒక టేబుల్ ఫ్యాను, ఒక తిరిగే కుర్చీ. కుర్చీకి ఒక పక్క చెయ్యి లేదు. ఆఫీసులో అందరూ కూర్చొని కూర్చొని, ఇక మనిషన్నవాడికి పనికిరాదని తేలాక దాన్ని స్టోరుకు పంపించారు.

ఆ కుర్చీలో కూర్చునేది అక్క. నాకు చుట్టం కాదు. వల్లూరు ఆమె. సైటులో అందరూ అక్క అనే పిలుస్తారు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా. ఇప్పుడు కంటైనర్ ఉన్న చోట ఒకప్పుడు వాళ్ళ శెనక్కాయ చేను ఉండేది. చేను లీజుకు పోయింది గానీ పహణిలో పేరు మారలేదు. పహణి అంటే మా కర్ణాటకలో భూమి ఎవరిదో చెప్పే కాగితం. అందులో ఇప్పటికీ ఆమె మామగారి పేరే ఉంది. ఆయన పోయినా ఆ కాగితానికి ఆ కబురు ఇంకా అందలేదు.

చేను పోయాక ఆమెకు ప్యానెళ్ళు తుడిచే పని దొరికింది. పొడుగు కర్రకు వైపరు తగిలించుకొని, నీళ్ళ ట్యాంకరు వెనకే వరుస వెంబడి నడవాలి. వరుస అయిపోతే ఇంకో వరుస ఉంటుంది. అక్కడ వరుసలకు మాత్రం కరువు లేదు. నడిచి నడిచి ఆమె మోకాలు అరిగింది. డాక్టరు నడవొద్దన్నాడు, సూపర్‌వైజరు నడవమన్నాడు. ఇద్దరికీ సర్దిచెప్పలేక ఆమె కుంటుతూ నడిచింది. ఎట్లాగో స్టోరులో మనిషి కావలసి వచ్చినప్పుడు ఆమెను కూర్చోబెట్టారు. ఆ కుర్చీ పోతే ఆమె మళ్ళీ వైపరు కర్ర పట్టుకొని ఎండలోకి పోవాలి. ఈ కథలో పోతుందేమోనని భయపడవలసింది అంతే, ఒక చెయ్యి లేని కుర్చీ.

స్టోరులో అన్నీ ఉన్నాయి, పనిముట్లు తప్ప. అది నిర్లక్ష్యం కాదు, పద్ధతి. అక్కడ పనిచేసేవాళ్ళంతా మొన్నటిదాకా సేద్యం చేసినవాళ్ళు. వాళ్ళ ఊర్లో శెనక్కాయ విత్తే గొర్రు ఎవరైనా కొనుక్కోనీ, ఊరంతా తిరిగేది. వాడుకున్నాక కొన్నవాడి ఇంటికి తెచ్చివ్వడం అన్నది లేదు. ఎవరు కడసారి విత్తారో వాళ్ళ వాకిట్లోనే ఉంటుంది. తర్వాత కావలసినవాడు అక్కడికే పోయి ఎత్తుకుపోతాడు. కొన్నవాడికి తన గొర్రు కావాలన్నా అంతే, వెతుక్కుంటూ పోవలసిందే. వాపసు తెచ్చి ఇంట్లో పెట్టి పోయాడంటే, వాళ్ళ మీద వీడికి ఏదో కోపం వచ్చిందని అర్థం.

సైటులో కూడా ఆ పద్ధతే నడిచింది. బోల్టు చాలినంత బిగిశాక టక్కుమనే టార్క్ రెంచి ఒకటుంది. తీగను పట్టుకొని అందులో కరెంటు ఎంత పోతోందో చెప్పే క్లాంప్ మీటరు ఒకటుంది. పానాలు, కటింగ్ ప్లేయర్లు, కొలత టేపులు సరేసరి. ఏది ఎవరికి కావలసినా ముందు అక్కకు ఫోను చేసేవాళ్ళు. కనుక్కోవలసిన ఉద్యోగం నాదే అయినా నన్ను అడిగేవాళ్ళు కాదు. అది కూడా పద్ధతే.

"అక్కా, టార్క్ రెంచి యాడుండాది?"

"నాకేం తెలుసురా. నిన్న ఎవురు వాడినారో వాళ్ళనడుగు."

"నిన్న ఎవురు వాడినారు?"

"మొన్న వాడినోన్ని అడుగు, చెప్తాడు."

ఇట్లా రెంచి దొరికేది. ప్రతిసారీ దొరికేది. అక్కకు ఏ పనిముట్టు ఎక్కడుందో ఒక్కటీ తెలియదు, తెలుసుకోవాలన్న ఆశ కూడా లేదు. అయినా పని ఆగేది కాదు. నేను దీన్ని నెలనెలా ఇంగ్లీషులోకి మార్చి 'అన్నీ వినియోగంలో ఉన్నవి' అని పైకి పంపేవాణ్ణి.

అప్పుడు హైదరాబాదు నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. నెత్తికి హెల్మెట్ పెట్టుకొనే కారులో కూర్చునేంత క్రమశిక్షణ ఉన్న మనిషి. మొదటి రోజే కంటైనర్ తలుపు తీసి లోపలికి చూశాడు. లోపల బల్ల, ఫ్యాను, అక్క కనిపించారు.

"టూల్స్ ఏవమ్మా?"

"అన్నీ పనిలో ఉండాయి సార్."

"ఎవరి దగ్గరున్నాయి?"

"ఎవురికి పని ఉంటే వాళ్ళ దగ్గర ఉండాయి సార్."

"మరి ఇక్కడ కూర్చొని మీరు చేసేదేంటి?"

అక్క కొంచెం ఆలోచించింది. "వచ్చి అడిగినోళ్ళకి, యాడికి పొయ్యి అడగాల్నో చెప్తా సార్."

మేనేజరు నా వైపు తిరిగాడు. నేను ఫ్యాను వైపు తిరిగాను. ఆయన ఏమీ కోప్పడలేదు. హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వస్తారనీ, ఆ రోజుకు ప్రతి పనిముట్టూ తన చోట తను కనబడాలనీ, కనబడకపోతే స్టోరు బాధ్యత వేరేవాళ్ళకు అప్పగించి అక్కను మళ్ళీ క్లీనింగు గ్యాంగుకు పంపుతాననీ చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పిన మాట మీద అప్పీలు ఉండదు.

మొదట బోర్డు వచ్చింది. గోడకు పెద్ద చెక్క తగిలించి, దాని మీద ఒక్కో పనిముట్టు ఆకారాన్ని గీయించాలి. పనిముట్టు లేకపోతే ఖాళీ ఆకారం వెక్కిరిస్తుంది, అప్పుడు మనం సిగ్గుపడి వెతుకుతాం. ఆలోచన బాగానే ఉంది. గీసే పనికి మా బజారులో అంగళ్ళకు బోర్డులు రాసే పెయింటరును పిలుచుకుపోయాను. బయటి గీత మాత్రం చాలని రెండుసార్లు చెప్పి, టీ తాగడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి ఆయన టార్క్ రెంచికి వెండి మెరుపు, ప్లేయరు పిడికి ఎర్ర రంగు, మీటరు అద్దంలో కిటికీ నీడ కూడా వేసేశాడు. మీటరులో అంకెలు కూడా ఉన్నాయి.

"ఒట్టి గీతనే కదప్పా వెయ్యమన్నది."

"ఒట్టి గీత గీసేదానికి నేనెందుకు, నీ బీకాం చాలదా? చూసినోడు చెయ్యి సాపాల. అప్పుడు గదా పని అనేది."

చూసినవాళ్ళు నిజంగానే చెయ్యి చాపారు. ఆ వారం వీడియో కాల్‌లో హెడ్డాఫీసు వాళ్ళు బోర్డును చూసి మేనేజరును మెచ్చుకున్నారు. ఒక్క పనిముట్టు కూడా లేని ఆ బోర్డు, కొంచెం దూరం నుంచి నిండుకుండలా ఉంది. మేనేజరు ఆ ఊపులో టార్క్ రెంచిని తీసి చూపిద్దామని చెయ్యి పెట్టి, గోరు విరగ్గొట్టుకున్నాడు. అక్క బల్ల సొరుగులో నుంచి పసుపు పొట్లం తీసి ఇచ్చింది.

గోరు మానాక ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. వస్తువులు వెనక్కి రాకపోవడానికి కారణం, అవి ఎవరివో జనానికి గుర్తు లేకపోవడం. "ప్రతి దాని మీదా మన కంపెనీ పేరు చెక్కించండి. చూడగానే తెలియాలి."

చెక్కడానికి మా అన్న ఉన్నాడు. చెక్కించడానికి పనిముట్లే లేవు. వాటిని ఒకచోటికి రప్పించే రోజు ఏడాదిలో ఒక్కటే ఉంది, ఆయుధ పూజ. ఆ రోజు ఎవరూ పిలవనక్కర్లేదు. పొద్దున్నే ఒక్కొక్కరూ తమ దగ్గరున్నది కడిగి తుడిచి తెచ్చారు. కంటైనర్ ముందు దుప్పటి పరిచి పెడితే, నేను కాగితాల మీద తప్ప ఎప్పుడూ చూడని వస్తువులు కూడా అందులో ఉన్నాయి. మీటరుకు గంధం పూశారు, అంకెలు కనపడకుండా. రెంచికి బంతిపూలు చుట్టారు. మేనేజరు వాటినన్నిటినీ చూసి, "ఇంతకాలం ఇవన్నీ ఎక్కడున్నాయి?" అన్నాడు. "ఈడే సార్" అన్నారు అందరూ, ఆశ్చర్యంగా.

అన్న నీడలో చాప వేసుకొని కూర్చున్నాడు. మిషను వైరు నా చేతికిచ్చి ప్లగ్గు పెట్టమన్నాడు. మొదటి పానా ఒళ్ళో పెట్టుకొని, అలవాటుగా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇచ్చేదెవురు?"

"కంపెనీ" అన్నాను.

ఆయనకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. కంపెనీ పేరు చెక్కాడు. పేరు చివర, పెళ్ళి పాత్రలకు వేసినట్టే, ఒక చిన్న పువ్వు కూడా వేశాడు. వద్దంటే, "ఉండనీలే, దానికేమన్నా వేరే ఇస్తా ఉండారా" అన్నాడు. అన్నిటికీ పువ్వు వచ్చింది.

పూజ అయ్యాక మేనేజరుకు ఫొటో కావలసి వచ్చింది. ఆయన నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కో పనిముట్టు తన చేతుల మీదుగా ఇచ్చాడు. పనిముట్టుతో పాటు మిఠాయి పెట్టె, అరటిపండు, బొరుగుల పొట్లం ఇచ్చాడు. కెమెరా వైపు చూస్తూ ప్రతి ఒక్కరితో, "జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు. వాళ్ళు రెండు చేతులతో అందుకొని కళ్ళకద్దుకున్నారు. నేను ప్లగ్గు తీసి వైరు చుట్టుకుంటూ ఉన్నాను.

చేతిలో పండు, పండు పక్కన ఇచ్చినవాడి పేరు చెక్కిన స్టీలు వస్తువు. మా తాలూకాలో పుట్టిన ఏ మనిషికైనా దీనికి అర్థం ఒకటే. గేటు దగ్గరుండే సెక్యూరిటీ మనిషికి కటింగ్ ప్లేయరు వచ్చింది. ఆయన జీవితంలో కత్తిరించవలసిన తీగ ఏదీ లేదు. అయినా మురిసిపోయాడు. మిగతావాళ్ళలో కొందరికి మనసు కష్టమైంది.

"వానికి మీటరు, నాకి టెస్టరా? వానికంటే ముందు చేరిండేది నేను గదా."

"పెట్టినోళ్ళ చెయ్యి చూడొద్దురా, మనసు చూడు" అని సర్దిచెప్పింది అక్క. ఆమెకు కొలత టేపు వచ్చింది. కొంగులో కట్టుకొని ఇంటికి పోయింది.

ఆ సాయంత్రం సోలార్ పార్కులో మా కంపెనీ పనిముట్లు మొట్టమొదటిసారి నిజంగా పోయాయి.

అంతకుముందు ఒక్కటీ పోలేదన్నది అప్పుడు తెలిసింది. అడిగితే వచ్చేవి. ఇప్పుడు అడిగినా రావు. అడిగినవాడే మొహమాటపడాలి, ఎందుకంటే ఇంటి వస్తువు అడుగుతున్నాడు కదా. ఒకరోజు నా ముందే స్పీకరు పెట్టి ఒక ఎలక్ట్రీషియన్ మాట్లాడాడు.

"అన్నా, టార్క్ రెంచి పంపియ్యి. ఈడ బోల్టులు బిగించేది ఉండాది."

"రేపు తీసకపో. మా బామ్మర్ది ట్రాక్టరుకి పెట్టినాడు."

"అది సైటుది గదన్నా."

"సైటుది ఎట్లయితాదిరా? పండగనాడు సారు పిలిచి చేత్తో ఇచ్చె. నువ్వూ ఉన్నావు గదా ఆడ. నీకి ఏం ఇచ్చిరి?"

"పదమూడో నంబరు పానా."

"నేనేమన్నా అడిగినానా దాన్ని?"

ఎలక్ట్రీషియన్ ఫోను పెట్టేశాడు. క్లాంప్ మీటరు, అది అందుకున్నవాడి వెంట మంగళవాడలో ఉన్న అతని అత్తగారింటికి పోయి, అక్కడి బోరు మోటర్లన్నిటి నాడీ చూస్తోందని తెలిసింది. సెక్యూరిటీ మనిషి ప్లేయరును టీవీ పక్కన అద్దాల బీరువాలో, మేనేజరుతో దిగిన ఫొటోకు ఆనించి పెట్టాడు. బోల్టులు బిగించే ఎలక్ట్రీషియన్లు పావగడలో ట్రాక్టరు మెకానిక్కును బతిమాలి పానాలు తెచ్చుకున్నారు. పెయింటరు వేసిన బోర్డు మాత్రం రోజూ నిండుగా ఉండేది.

తనిఖీ దగ్గరపడింది. మేనేజరు స్టోరుకు వచ్చి, దగ్గరగా నిలబడి, ఈసారి వేలితో తట్టి చూశాడు. ప్రతి చోటా చెక్క చప్పుడే వచ్చింది.

"అమ్మా, ఎల్లుండి వాళ్ళు వస్తున్నారు. ఇవి ఇక్కడ లేకపోతే, ఆ తర్వాతి రోజు నుంచి మీరు ట్యాంకరు దగ్గర రిపోర్టు చెయ్యండి."

అక్క తన మోకాలి వైపు చూసుకుంది, ఏదో దాన్నే పిలిచినట్టు. ఆయన పోయాక నాతో అంది.

"బండి తియ్యప్పా, ఊర్లోకి పోదాం."

మొదటి ఇంట్లో నేను మాట్లాడాను. చదువుకున్నవాణ్ణి కదా. కంపెనీ పేరున్న వస్తువులన్నీ కంపెనీకి తిరిగి ఇచ్చేయవలసిందిగా కోరాను. ఆ ఇంటావిడ వాకిలి ఊడుస్తూ ఉంది. ఊడవడం ఆపింది.

"పెట్టిండేది మళ్ళా అడిగేంత గతి పట్టెనా మీ కంపెనీకి?"

"అట్ల కాదమ్మా..."

"ఇంగెట్లప్పా? మీరు పాత్రల అంగడోళ్ళు గదా. మీ అంగడిలో చెక్కించిండే బిందెను ఎవురన్నా వాపసు అడిగిరా?"

నాకు గుర్తున్నంతవరకూ ఎవరూ అడగలేదు. అక్క బండి దిగి, కుంటుకుంటూ వచ్చి నన్ను పక్కకు జరిపింది.

"వాని మాట ఇడువు. ఏమ్మే, ఎల్లుండికి నాకి ఆ రెంచి కావాల. ఒగ దినానికి ఇయ్యి. మర్నాడు పొద్దున మీ ఆయన్ని స్టోరుకి రమ్మను, చేతిలో పెడతా."

"ఆ మాట ముందే అంటే అయిపోయె గదక్కా" అని ఆవిడ లోపలికి పోయి తెచ్చింది. గుడ్డలో చుట్టి, నూనె కూడా రాసి ఉంది.

ఆ తర్వాత నేను బండి నడపడానికే పరిమితమయ్యాను. ఇల్లిల్లూ తిరిగాం. అడగడం అంటే ఆ ఊర్లో కొత్తేమీ కాదు, పెళ్ళికి చాపలు, దేవర జాతరకు గంగాళాలు అడుగుతూనే ఉంటారు. ఎవరూ లేదనలేదు. మంగళవాడ నుంచి మీటరు బస్సులో వచ్చింది, కండక్టరు పక్కన కూర్చొని. సెక్యూరిటీ మనిషి బీరువా తాళం తీసి, ప్లేయరు ఇస్తూ, "గీతలు పడకుండా చూస్కోక్కా" అన్నాడు. ప్రతి ఇంట్లోనూ అక్క అదే మాట ఇచ్చింది. మర్నాడు పొద్దున, చేతిలో పెడతా. ఆ విధంగా మా కంపెనీ తన సొంత పనిముట్లను తన పనివాళ్ళ దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకుంది. ఈ సంగతి నేను నెల రిపోర్టులో రాయలేదు. ఇంగ్లీషులో దానికి మాట దొరకలేదు.

తనిఖీ అద్భుతంగా జరిగింది. వచ్చినాయన బోర్డు ముందు నిలబడి, బొమ్మ మీద వస్తువు, వస్తువు మీద పేరు, పేరు పక్కన పువ్వు చూసి, పువ్వు ఎందుకని అడిగాడు. "బ్రాండింగ్" అన్నాడు మేనేజరు. ఆ రోజు సైటులో ఒక్క బోల్టు కూడా బిగించలేదు, బోర్డు చెదురుతుందని. వచ్చినాయన ఇంకో సలహా ఇచ్చాడు. ఇంత బాగా ఉన్న బోర్డుకు ముందు జాలీ పెట్టించి తాళం వేస్తే ఇంకా బాగుంటుందన్నాడు. మేనేజరు అక్కను చూపించి, "ఈవిడే మా స్టోర్ కీపర్" అని పరిచయం చేశాడు. అక్క లేచి దండం పెట్టింది. ఆ ఒక్క సాయంత్రం ఆమె కుర్చీకి ఏ భయమూ లేదు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి కంటైనర్ బయట జనం ఉన్నారు. ఎవరూ తొందరపడటం లేదు. రేషన్ అంగడి దగ్గర నిలబడినట్టు వరసగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. సెక్యూరిటీ మనిషి డ్యూటీ దిగి వచ్చి, చేతిలో మెత్తటి గుడ్డతో అందరికంటే ముందున్నాడు. లోపల అక్క బోర్డు మీది నుంచి ఒక్కోటి తీసి ఇస్తోంది. అప్పుడే మేనేజరు, జాలీ కొలతలు తీసుకునే మనిషిని వెంటబెట్టుకొని వచ్చాడు.

"వీళ్ళంతా ఎవరు?" అని నన్ను అడిగాడు.

"మనవాళ్ళే సార్. టూల్స్ కోసం వచ్చారు."

"గుడ్. ఇష్యూ చేస్తున్నారా?"

"ఇష్యూ కాదు సార్. వాపసు."

"ఎవరివి ఎవరికి వాపసు?"

నేను ఒక వాక్యం కోసం వెతికాను. కర్త, కర్మ రెండూ ఒకచోట నిలబడలేదు. ఆయన నన్ను వదిలి లోపలికి పోయాడు. అక్క చేతిలో టార్క్ రెంచి ఉంది.

"ఆపండమ్మా. అవి కంపెనీవి."

"మాటిచ్చి తెచ్చినా సార్."

"ఎవరికిచ్చారు మాట?"

"ఊరికి. ఇప్పుడు ఇయ్యకపోతే రేపటి నుంచి ఆడ నాకి జల్లెడ కూడా పుట్టదు."

"ఇస్తే రేపటి నుంచి ఇక్కడ మీకు కుర్చీ ఉండదు."

కొలతల మనిషి తన టేపును నెమ్మదిగా లోపలికి చుట్టుకున్నాడు. అక్క కుర్చీ వైపు చూసింది. తర్వాత వాకిట్లో నిలబడ్డవాళ్ళ వైపు చూసింది. వాళ్ళెవరూ ఆమె వైపు చూడలేదు, మంచివాళ్ళు. మేనేజరు ఆమె చేతిలోని రెంచిని తీసుకొని, వెలుతురుకు తిప్పి, చెక్కిన చోట వేలు పెట్టాడు. ఆయన గొంతు పెంచలేదు. చిన్న పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు.

"ఇక్కడ చూడండి. ఏం రాసుంది? కంపెనీ పేరు. ఎవరి పేరుంటే వస్తువు వాళ్ళది. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు కదా."

అక్క కొంగుతో కుర్చీని ఒకసారి తుడిచి, ఆయన వైపుకు తోసింది. అది సగం తిరిగి, చెయ్యి లేని పక్క ఆయనకు చూపిస్తూ ఆగింది.

"పేరుండేదే లెక్కయితే సార్, ఈ కంటైనర్ కింద నేలకి పహణిలో మా మామ పేరుండాది. దీన్ని యాడికి ఎత్తుకపోతారో చూసుకోండి."